పుర్రచేతి పురి

శివజ్యోతి చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించింది నేనే. ఇది ముందుగానే చెప్పేస్తున్నాను. లేకపోతే కథ సగానికి వచ్చేసరికి నా మీద నాకే జాలి పుడుతుంది, ఆ జాలికి నేను అర్హురాలిని కాదు.

నా పేరు ప్రమీలారాణి. మాది రాయచోటి. మా ఆయనకు కరెంటాఫీసులో ఉద్యోగం కావడంతో పదకొండేళ్ల కిందట ఈ నేతగాళ్ల ఊరికి వచ్చాం. కర్నూలు నుంచి బస్సులో గంటన్నర. చేనేత సంఘం ఆఫీసుకు ఎదురుగా నాకో జిరాక్స్ షాపు ఉంది. ఆధార్ కాపీలు, పింఛను అర్జీలు, పెళ్లి బయోడేటాలు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. అందుకని ఈ వీధిలో ఎవరింట్లో ఏముందో నాకు తెలియనిది లేదని అనుకునేదాన్ని. అది ఎంత ఉత్త గర్వమో ఈ ఏడాది వేసవిలో తెలిసింది.

శివజ్యోతి ఇల్లు నా షాపు నుంచి మూడోది. ముప్పై నాలుగేళ్ల మనిషి, తక్కువ మాట, గట్టి నవ్వు. భర్త హనుమేష్ మగ్గం నేస్తాడు. పిల్లలు లేరు. దాని గురించి వాళ్లిద్దరికీ పెద్ద బాధ లేదు, వీధికే ఉంది. ఆమెకు జ్వరమొస్తే సంగటి గెలికేది హనుమేషే. మొగుడూ పెళ్లాలు ఒకరంటే ఒకరికి ఇష్టంగా ఉండటం నేను చూసింది తక్కువ, అది ఆ ఇంట్లో చూశాను. ఈ మాట కూడా ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత వీధిలో అందరూ దీన్ని మర్చిపోయారు.

శివజ్యోతిది పుర్రచెయ్యి. చిన్నప్పుడు వాళ్లమ్మ ఎడమచేతి మీద వాత పెట్టినా మారలేదట. ఆ మచ్చ ఇప్పటికీ మణికట్టు మీద ఉంది. అన్నం మాత్రం నలుగురిలో కుడిచేత్తో తింటుంది. పని మాత్రం ఎడమచేత్తోనే.

ఆ పనేమిటో చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా కలిపి పురి పెట్టాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. పడుగుకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా కూర్చుని, పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుంటూ, రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా చేసే పని. మా వీధిలో ఇళ్లకు తిరిగి అచ్చు అతికే మనిషి సోమక్క. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. నలభై దాటినా నడుము వంగని మనిషి. చంకలో బూడిద డబ్బా పెట్టుకుని ఇంటింటికీ పోయేది. శివజ్యోతి వాళ్లింట్లో పని పడితే ఎదుటి వైపు శివజ్యోతి కూర్చునేది. నాలుగేళ్లుగా అలా ఎదురెదురుగా కూర్చున్న ఆ ఇద్దరి మధ్య ఏమి పెరిగిందో, రోజూ షాపు మెట్టు మీద నుంచి చూస్తూ కూడా నేను కనిపెట్టలేదు.

పోయిన ఏడాది కర్నూలు నుంచి అంజలి అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో సినిమా పని నేర్చుకుని, ఓ గంట సినిమా తీస్తున్నానని చెప్పింది. అందులో ఒక నేతగత్తె భర్తనూ ప్రేమిస్తుంది, ఇంకో ఆడమనిషినీ ప్రేమిస్తుంది. ఈ సంగతి ఆమె సంఘంలో ఎవరికీ చెప్పలేదు, మగ్గాల మీద సినిమా అని మాత్రమే చెప్పింది. వేషం కట్టిన ఇద్దరు హీరోయిన్లకూ పోగు పట్టడం రాలేదు. అందుకని చేతులు కనిపించే చోట శివజ్యోతివీ సోమక్కవీ తీస్తానంది. ఇంగ్లీషులో ఉన్న ఒప్పంద పత్రం నా షాపుకు వచ్చింది. నేను చదివి చెప్పాను. చేతులు మాత్రమే, ముఖం ఎక్కడా కనిపించదు. శివజ్యోతి పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగింది. నేనే తొందరపెట్టాను. చేతులు చూసి మనిషిని ఎవరు గుర్తుపడతారమ్మా, పెట్టు అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసి, ఎడమచేత్తో సంతకం పెట్టింది.

షూటింగు రోజు జరిగింది తర్వాత అంజలే నాకు చెప్పింది. మామూలుగా పని చేసుకోండి, నేను తీసుకుంటాను అందట. ఇద్దరూ పోగులు అతుకుతున్నారు. మధ్యలో శివజ్యోతి ఎడమచెయ్యి ఆగింది. బూడిద వేలితో సోమక్క మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా ఒక గీత గీసింది. సోమక్క ఆ చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. ఇది రాసుకున్న కథలో లేదు. అంజలి ఆపమని చెప్పడం మర్చిపోయిందట.

ఆ తర్వాత శివజ్యోతి తరచుగా నా షాపుకు వచ్చేది. ఒకరోజు కస్టమర్లు లేనప్పుడు అడిగింది. "ఇద్దరి మీదా మనసుండేటోళ్లకు ఒక పేరుండాదంట ప్రమీలక్కా. బై అంటారని ఆ పాప చెప్పింది. ఫోను పెట్టేసేటప్పుడు అంటాం కదా, అదేనా ఇది?" కాదని చెప్పాను, నాకు తెలిసినంతలో చెప్పాను. నేనేమీ పెద్ద మనసున్నదాన్ని కాదు. హనుమేష్‌కి తెలిస్తే ఏమవుతుందన్నదే మొదట తోచింది. ఆమె మాత్రం నవ్వింది. "పేరు పెట్టినారంటే నా మాదిరోళ్లు ఇంకా శానామంది ఉండారన్నమాట" అంది. ఆ మాటలో ఎంత ఊరట ఉందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఏప్రిల్‌లో సినిమా పూర్తయింది. ఎక్కడో పోటీలో బహుమతి వచ్చింది. జిల్లా పేపర్లో చిన్న ముక్క పడింది, మన నేతకు దక్కిన గౌరవం అని. అంజలి నాకు లింకు పంపింది. మధ్యాహ్నం షట్టరు సగం దించి నేనూ శివజ్యోతీ నా కంప్యూటర్లో చూశాం. ఆ చేతుల దృశ్యం మూడు నిమిషాలు ఉంది. బూడిద గీత, పట్టుకున్న చేతులు, దాని మీద హీరోయిన్ గొంతు. "ఒక నాడెతో నేసే చీర ఉంటాది, రెండు నాడెలతో నేసే చీర ఉంటాది. రెండు నాడెలైనంత మాత్రాన చీర రెండు ముక్కలు కాదు." నేత తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, నాడె అంటే అడ్డపోగును అటూ ఇటూ మోసుకుపోయేది, అంచు ఒక రంగూ ఒళ్లు ఒక రంగూ రావాలంటే ఒక నాడె చాలదు. ఆ మాట బాగుందే అన్నాను. శివజ్యోతి కళ్లు తుడుచుకుని షట్టరు ఎత్తమంది.

మర్నాడే సంఘం ప్రెసిడెంటు రంగనాథ్ పేపరు పట్టుకుని నా షాపుకొచ్చాడు. ఆదివారం సాయంత్రం సంఘం రంగుల షెడ్డులో అందరికీ సినిమా వేస్తామని, ఫ్లెక్సీ తయారు చేయించమని అడిగాడు. సినిమా చూశావాప్పా అన్నాను. చూసేదేముందక్కా, మన మగ్గాలే కదా అన్నాడు. పెద్దవాళ్ల సినిమా, ఆడవాళ్లు పిల్లలు వస్తారు, ఆలోచించు అన్నాను. మగ్గాల సినిమాకు పిల్లలు రాకపోతే ఎట్లా అన్నాడు. అంతకంటే చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఫ్లెక్సీకి అతను ఎంచుకున్న బొమ్మ అంజలి పంపిన పోస్టరే. పడుగు పోగుల మీద రెండు ఆడచేతులు. పది అడుగుల ఫ్లెక్సీ సంఘం గోడకు కట్టారు. నా షాపులో కూర్చుంటే ఎదురుగా అవే చేతులు, ఒక్కో వేలు నా అంత పొడవు.

బుధవారం పొద్దున ముసలి నాగప్ప ఆ ఫ్లెక్సీ కింద ఆగాడు. అరవై ఏళ్లు మగ్గం నేసిన మనిషి, ఇప్పుడు చూపు మందగించింది. తల పైకెత్తి చాలాసేపు చూశాడు. నేను షాపులోంచి చూస్తున్నాను.

"ఇది పుర్రచేతి పురి కదప్పా" అన్నాడు పక్కనున్నవాళ్లతో. "పురి ఎడమకు తిరిగుండాది చూడండి. మన హనుమేష్ పెండ్లాం చెయ్యే ఇది. ఎదురుండేది సోమక్కది, ఆ చీలిన గోరు చూడండి."

మధ్యాహ్నానికల్లా వీధికంతా తెలిసిపోయింది. నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్ని. నేతవీధిలో ముఖం చూసి పలకరించని వాళ్లుంటారు గానీ చెయ్యి చూసి గుర్తుపట్టని వాళ్లుండరు. గుడ్డ చూసి ఎవరు నేశారో చెప్పగలరు, అతుకు చూసి ఎవరు అతికారో చెప్పగలరు. ఈ ఊళ్లో పదకొండేళ్లు ఉండి ఈ ముక్క నాకు తెలియలేదు.

అసలు భయం అప్పుడు మొదలైంది. ఎవరూ తిట్టలేదు, అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లి మరీ శివజ్యోతి చెయ్యి పట్టుకుని చూశారు. సోమక్కను వీధిలో ఆపి సినిమా యాక్టరు అని ఏడిపించారు. సోమక్క నవ్వడం మానేసింది, బూడిద డబ్బా గుండెకు అదుముకుని గబగబా నడిచిపోయేది. హనుమేష్ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. బావమరిదికి ఫోన్లు, పెద్దమ్మకు ఫోన్లు, ఆదోని నుంచి కూడా చుట్టాలను రమ్మన్నాడు. పైగా తెర కోసం గుడ్డ కొనొద్దని, తను నేసిన తెల్ల గుడ్డ తెచ్చి రెండు పన్నాలు కలిపి కుట్టించి ఇచ్చాడు. దాన్ని షెడ్డులో కడుతుంటే నేను చూడలేకపోయాను.

శుక్రవారం అంజలికి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. శివజ్యోతి ఊ అంటే ఆ మూడు నిమిషాలూ తీసేసి వేరే కాపీ పంపుతానంది. ఫోను తీసుకెళ్లి శివజ్యోతి చేతిలో పెట్టాను. ఒక్క మాట చెప్పు చాలు అని సైగ చేశాను. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని బాగున్నావా పాపా, అన్నం తిన్నావా అని అడిగి నాకు తిరిగిచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. భయంతో నోరు పెగల్లేదనుకుని, బుద్ధి లేదా నీకు, ఇల్లు కూలిపోతుంది అని గొణిగాను. శివజ్యోతి కండెలు చుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

ఆదివారం సాయంత్రం షెడ్డు నిండింది. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. హనుమేష్ మొదటి వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. మొదటి అరగంట సంబరంగా గడిచింది, మా గోడ అదిగో, మా మేక అదిగో అని. ఆ దృశ్యం వచ్చింది. చేతులు కనబడగానే మన జ్యోతే అని నలుగురు చప్పట్లు కొట్టారు. పోగులు అతుకుతుంటే నాగప్ప ఆహా అన్నాడు. ఎడమచెయ్యి ఆగింది. బూడిద గీత సోమక్క చేతి మీద మెల్లగా పాకింది. చప్పట్లు ఆగిపోయాయి. హనుమేష్ నేసిన గుడ్డ మీద, ఊరంత చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, వదల్లేదు.

రంగనాథ్ లేచి తెరకు అడ్డంగా నిలబడ్డాడు. అతని నీడ చేతుల్ని కప్పేసింది. కానీ గొంతు ఆగలేదు. ఒక నాడెతో నేసే చీర ఉంటాది, రెండు నాడెలతో నేసే చీర ఉంటాది. అప్పుడు హనుమేష్ తల వెనక్కి తిప్పాడు. అన్ని ముఖాలు దాటి శివజ్యోతిని చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. ఎవరో వైరు పీకేశారు. జనం చెప్పుల చప్పుడు తప్ప మాట లేకుండా ఇళ్లకు పోయారు.

మర్నాడు మధ్యాహ్నం హనుమేష్ నా షాపుకు వచ్చాడు. ఆ మాట వచ్చే చోటు ఒక్కటి పెట్టమన్నాడు. బొమ్మ చూడకుండా నేల వైపు చూస్తూ విన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"ఈ మాట ఆ పాపకు యాడిది?" అని అడిగాడు. "పెండ్లయిన కొత్తల్లో, పుట్టిల్లు ఎక్కువా నేను ఎక్కువా అని నేనడిగితే జ్యోతి నాకు చెప్పిన మాట ఇది. మా ఇంట్లో మాటక్కా ఇది."

చేతులదేముంది, చెప్పినట్టు చేశామని బుకాయించవచ్చు. ఊరు నమ్మినా నమ్మకపోయినా ఆ అబద్ధం నిలబడేది. కానీ ఆ మాట హనుమేష్‌కి తప్ప ఎవరికీ తెలియదు, జ్యోతి తనే చెబితే తప్ప అంజలికి చేరదు. అది విన్నాక ఆయన దగ్గర ఏ అబద్ధమూ నిలబడదు. ఆయన అరిచి ఉంటే నాకింత భయం వేసేది కాదు. థాంక్సక్కా అని చెప్పి వెళ్లిపోయాడు.

మా వీధి ఎవరినీ తిట్టదు, పని చెప్పడం మానేస్తుంది. ఆ వారం సోమక్కను ఒక్క ఇల్లూ పిలవలేదు. ఆమె బూడిద మా అచ్చుకు తగలొద్దని ఒకావిడ నా షాపులోనే అంది. గురువారం సోమక్క సంచి పట్టుకుని బస్టాండుకు పోతూ నా దగ్గర ఆగింది. కర్నూలులో ఏదో హాస్టల్లో వంటపని దొరికిందట. బూడిద డబ్బా నా బల్ల మీద పెట్టి, జ్యోతికియ్యి అంది. జ్యోతి ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లింది. తలుపు మూసి ఉంది.

ఆ శనివారం హనుమేష్ మగ్గం మీద పడుగు అయిపోయింది. సంఘం నుంచి కొత్త పడుగు ఇచ్చారు గానీ, ఇదే ఆఖరుదని రంగనాథ్ మనిషితో చెప్పి పంపాడు. దీని తర్వాత ఆ ఇంటికి నూలు లేదు. అంటే ఆ పడుగు సరిగ్గా దిగితేనే ఇంకో చోట పని అడిగే ముఖం ఉంటుంది. అతకడానికి మనిషి లేదు. శివజ్యోతి ఒక్కతే అరుగు మీద పడుగు ముందు కూర్చుంది. ఎదుటి చోటు ఖాళీ. హనుమేష్ గడపలో నిలబడి ఒక్క మాట అన్నాడు, వారం రోజుల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మాట.

"ఇంగ కుడిచేత్తో అతుకు."

ఆమె అతికింది. మూడు రోజులు కుడిచేత్తోనే అతికింది. పిల్లలు మొదటిసారి పెన్సిలు పట్టుకున్నట్టు పట్టుకుంది పోగును. నాకు చూడ్డానికి చేతకాక బల్ల లోపలికి జరిగి కూర్చున్నాను. నాలుగో రోజు హనుమేష్ మగ్గం గుంతలోకి దిగాడు. రెండు దెబ్బలు, ఆగింది. మళ్లీ రెండు దెబ్బలు, ఆగింది. దెబ్బదెబ్బకూ అతుకు ఊడుతోంది. వీధిలో మిగతా మగ్గాలు ఆడుతుంటే ఆ ఒక్క మగ్గం ఆగి ఆగి దగ్గుతోంది. సాయంత్రానికి పూర్తిగా ఆగిపోయింది. లోపల ఏం జరుగుతోందోనని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. కేక వినిపించినా బాగుండేది.

దీపాలు పెట్టే వేళకు శివజ్యోతి షాపుకొచ్చింది. ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమోనని నేను వెతికాను, లేవు. ఏమన్నాడు అని అడిగాను. ఏమీ అడగలేదంది, అడిగితే చెప్దామని కూర్చున్నానంది. నాకు దుఃఖం ఆగలేదు. చేతులు ఎవరు గుర్తుపడతారని ఆ రోజు నేనే చెప్పానమ్మా, నాకు తెలియలేదు, నన్ను క్షమించు అన్నాను. ఆమె వింతగా చూసింది.

"మగ్గమింట్లో పుట్టినదాన్ని అక్కా. చెయ్యి చూసి పడతారని నాకు తెలీదా?" అంది. "తెలిసే పెట్టినా సంతకం. నోటితో చెప్పే ధైర్యం నాకు ఏ జన్మకూ రాదు. చెయ్యి చెప్పేస్తే చాలనుకున్నా. సోమక్కకు ఇట్లయితాదని మాత్రం అనుకోలేదు."

నేను సోమక్క ఇచ్చిన బూడిద డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. మూత తీసి వాసన చూసింది. కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తేసరికి అరుగు మీద పడుగు పరిచి ఉంది. శివజ్యోతి డబ్బాలో ఎడమచెయ్యి ముంచి, ఊడిన అతుకులు ఒక్కొక్కటే మళ్లీ పురి పెడుతోంది. వీధిలో తలుపులన్నీ సగం సగం తెరుచుకున్నాయి. కాసేపటికి హనుమేష్ బయటికొచ్చాడు. చేతిలో నేతకత్తెర ఉంది. పడుగు కోస్తే ఆ ఇంటి అన్నం అక్కడికి ఆఖరు. కడుపు మండిన నేతగాడు ఏం కోస్తాడో ఈ వీధిలో అందరికీ తెలుసు. నేను మెట్లు దిగాను. దిగి ఏం చేయగలనో తెలియదు, అయినా దిగాను.

హనుమేష్ వంగాడు. కుడిచేత్తో పెట్టించిన అతుకుల్లో ఊడకుండా మిగిలిన వాటిని వరసగా కోశాడు. తన మాట మీద పడిన అతుకులన్నీ పోయేదాకా కోశాడు. తర్వాత పడుగుకు అటువైపు వెళ్లి, ఖాళీ చోట కూర్చోబోయాడు.

"ఆడొద్దు" అంది శివజ్యోతి తల ఎత్తకుండా. "అది సోమక్క చోటు."

సగం తెరిచిన తలుపులన్నీ ఆ మాట విన్నాయి. హనుమేష్ కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పక్కింటి తలుపు ధడాలున పడింది, దాని తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. వీధి చివర దాకా తలుపుల చప్పుడే.

అన్ని తలుపులూ మూసుకున్నాక ఆయన తిరిగొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పక్కన, కొంచెం దూరంగా. కత్తెర కింద పెట్టి, పోగు కొస తీసి ఆమె ఎడమచేతికి అందించాడు. ఎదుటి చోటు ఖాళీగానే ఉంది.